అరిష్టపు కుండ నుండి విశ్వవిద్యాలయం వరకు: రసాయన, జీవప్రక్రియా ఇంజనీరింగు విద్య

గత వేసవిలో మా వీధిలోని ఒక గృహిణి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి ఇంటర్మీడియట్ మంచి మార్కులతో పూర్తి చేసినది. కెమికల్ ఇంజనీరింగులో చేరి, తరువాత జీవప్రక్రియలకు సంబంధించిన శాఖలో పై చదువు చదువవలెనని ఆమె కోరిక. తల్లికి మాత్రం భయం. "అదేదో పొగలు, ఆమ్లాలు, గొట్టాల చదువట కదండీ! మన ఇళ్లలోని ఆడపిల్లలకు తగినదేనా? పైగా మీది వైద్యుల వంశం. మీరెందుకు అందులో చేరారు?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు సమాధానం రెండు మాటలలో చెప్పలేక ఆనాడు ఆమెకు ఒక కప్పు పెరుగు తెచ్చి చూపించాను. మిగిలిన సమాధానం ఈ వ్యాసంలో వ్రాస్తున్నాను. పిల్లలను పై చదువులకు పంపదలచిన తల్లిదండ్రులకు, ఇంట కషాయాలు కాచుకొనే గృహిణులకు ఇది ఉపకరించగలదని నా ఆశ.

ఈ విద్య మన వంటింటిలోనే ఉన్నది

మా నాన్నగారు గోదావరి జిల్లాలో ఆయుర్వేద వైద్యులు. ఇంటి వెనుక వసారాలో ఔషధాలు తయారయ్యేవి. వేళ్లను దంచడం, చూర్ణాన్ని వస్త్రగాళితం చేయడం, కషాయం కాచడం, వడగట్టడం, అర్కం తీయడం, నీడన ఆరబెట్టడం చూస్తూ పెరిగాను. 1986లో విశాఖపట్నంలో కెమికల్ ఇంజనీరింగులో చేరినప్పుడు, అవన్నీ వదలి ఎక్కడికో దూరంగా వెళ్లిపోతున్నానని అనుకొన్నాను. నాన్నగారు కూడా అట్లే తలచి మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మొదటి సంవత్సరం గడిచేసరికి నాకొక సంగతి బోధపడినది. ఈ శాస్త్రానికి పునాది వేసిన వారు ప్రతి పరిశ్రమను విడివిడిగా నేర్వనక్కరలేదని గ్రహించారు. చక్కెర మిల్లు, సబ్బుల కర్మాగారం, మందుల ఫ్యాక్టరీ దేనికదే వేరుగా కనిపించినా, వాటిలో జరిగే పనులు కొన్నే. పొడి చేయుట, కలుపుట, కరిగించి సారమును లాగుట, వేడి చేయుట, ఆవిరి చేయుట, బట్టీపట్టుట, వడపోయుట, ఆరబెట్టుట. వీటికి 1915లో అమెరికాకు చెందిన ఆర్థర్ డి. లిటిల్ 'యూనిట్ ఆపరేషన్లు' అని పేరు పెట్టారు. మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో ఈ విద్యకు ప్రత్యేక కోర్సు 1888లోనే మొదలయినది. పుస్తకంలో ఆ పట్టికను చదువుతుంటే మా వసారా కళ్ల ముందు నిలిచినది. పేర్లు మారినవి గాని పనులు అవే.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. "నాలుగు లీటర్ల నీరు పోసి లీటరు మిగులునట్లు కాచవలెను" అని కషాయవిధిలో చదువుతుంటాము. ఇంజనీరు దృష్టిలో ఇది జమాఖర్చుల లెక్క. నాలుగు లోనికి వచ్చినవి, ఒకటి మిగిలినది, కావున మూడు ఆవిరిగా పోయినవి. ఇక వేడి లెక్క చూడండి. కిలో నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 70 కిలోకేలరీలు చాలును. అదే కిలో నీటిని ఆవిరిగా మార్చడానికి సుమారు 540 కిలోకేలరీలు కావలెను. అనగా కాగడం మొదలైన తరువాతనే అసలు ఖర్చు. కషాయం మరిగేటప్పుడు మంటను ఎంత పెంచినా నీటి వేడి పెరగదు, ఆవిరి మాత్రమే త్వరగా పోతుంది. సన్నని సెగపై కాస్తే సారము దిగడానికి వ్యవధి చిక్కుతుంది, అడుగంటదు. పెద్దలు "మందాగ్నిపై" అని చెప్పిన మాటకు ఇది ఒక కారణం.

తోడు పెట్టడం తెలిసిన ప్రతి తల్లికీ ఇది తెలుసును

ఇక జీవప్రక్రియ అనగా నేమి? సజీవమైన సూక్ష్మప్రాణులచేత మనకు కావలసిన పదార్థాన్ని చేయించుకోవడమే. పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచాడు తోడు వేసి, కదలకుండా మూత పెడతాము. కాచుట వలన పాలలో ముందే ఉన్న అనవసర క్రిములు నశిస్తాయి. గోరువెచ్చదనం పెరుగు సూక్ష్మజీవులకు అనుకూలమైన ఉష్ణోగ్రత. తోడు అనునది మనం ఎంచుకొని వేసిన విత్తనం. పాలు మరీ వేడిగా ఉండగా తోడు వేస్తే ఆ విత్తనం చచ్చిపోతుంది. చలికాలంలో గిన్నెను గుడ్డతో చుట్టి బియ్యపు డబ్బాలో పెడతాము. శుద్ధి చేయుట, విత్తనం వేయుట, ఉష్ణోగ్రతను కాపాడుట, సరియైన సమయంలో ఆపుట అనే నాలుగింటిపైననే కోట్ల రూపాయల ఔషధ కర్మాగారాలు నడుస్తున్నవి. ఆనాడు మా వీధి గృహిణికి పెరుగు చూపించి చెప్పినది ఇదే.

ఆయుర్వేదంలో ఈ ప్రక్రియకు సంధానము అని పేరు. దీనివలన తయారయ్యేవి ఆసవాలు, అరిష్టాలు. సామాన్యంగా ద్రవ్యాలను కషాయం కాచి పులియబెట్టినది అరిష్టము, కాచకుండ నీటితోనే పులియబెట్టినది ఆసవము. తీపి కొరకు బెల్లము, తేనె; పులియుటకు ధాతకీ పుష్పాలు వేస్తారు. ఆ పువ్వులను ఆశ్రయించి సహజంగా ఈస్టు ఉంటుంది. అది తీపిని తిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును ఇస్తుంది. ఆ మద్యసారము మూలికలలోని, నీటికి లొంగని కొన్ని గుణాలను బయటికి లాగుతుంది. మందును చెడకుండా నిలువ ఉంచుతుంది.

నాన్నగారి తొట్టి

1989 వేసవి సెలవులలో జరిగిన విషయం ఇది. నాన్నగారు ఏటా చలికాలంలో, 20 లీటర్లు పట్టే మట్టికుండలలో ద్రాక్షారిష్టం పెట్టేవారు. ఆ సంవత్సరం ఒక పెద్ద దుకాణం వారు ఒక్కసారిగా ఎక్కువ మందు కావాలని అడిగారు. గడువు తక్కువ. నాన్నగారు 160 లీటర్ల చెక్కతొట్టి ఒకటి అరువు తెచ్చి, ఎండుద్రాక్షను, బెల్లాన్ని ఖాతాపై తీసుకొని, మే నెలలో సంధానం పెట్టారు. పాళ్లు తప్పలేదు. ఏలకులు, దాల్చినచెక్క, నాగకేసరాలు, పిప్పళ్లు, అన్నీ మేలైనవే. శుభ్రత విషయంలో ఆయనను తప్పుపట్టగలిగినవారు లేరు.

నేను సెలవులకు ఇల్లు చేరేసరికి తొట్టి పెట్టి మూడు వారాలయినది. నాన్నగారు మూత తీసి, "ఇటు రామ్మా, వాసన చూడు" అన్నారు. అరిష్టపు కమ్మని వాసన లేదు. ముక్కు పగిలే పులుపు. నాలుకపై వేసుకొంటే పులుపు వెనుక ఇంకా బెల్లపు తీపి మిగిలే ఉన్నది. అనగా ఈస్టు తన పని సగంలోనే ఆపివేసినది, ఆ ఖాళీలో పులుపు చేసే క్రిములు చేరినవి. శాస్త్రంలో దీనిని శుక్తమని అంటారు.

"మూడేళ్లుగా చదువుతున్నావు కదా తల్లీ. ఇది ఎందుకు చెడినదో నీ చదువు చెప్పగలదా?" అని అడిగారు. ఆ మాటలో ఎగతాళి లేదు, అది నిజంగా తెలుసుకోదలచిన ప్రశ్న. నాకు సమాధానం తెలియలేదు. పరీక్షలో మంచి మార్కులు వచ్చిన విద్యార్థిని, తండ్రి ముందు తల దించుకొని నిలబడ్డాను.

దుకాణం వారు, "కొంచెం పులుపైతే ఏమయినది, సీసాలలో పోసి ఇవ్వండి, ఎవరూ కనిపెట్టరు" అన్నారు. నాన్నగారు ఒప్పుకొనలేదు. 160 లీటర్లనూ పెరటిలో పారబోయించారు. ఆ బెల్లపు బాకీ తీరడానికి మరుసటి సంవత్సరం సంక్రాంతి వరకు పట్టినది. నా హాస్టలు బాకీ కూడ ఆ ఏడు ఆలస్యంగానే కట్టారు.

రెండు ఘనాల లెక్క

సెలవుల తరువాత మా ఆచార్యుల వారికి ఈ సంగతి విన్నవించాను. ఆయన నవ్వలేదు. "ఒక ఘనాన్ని గీయి. ప్రక్కన దానికి రెట్టింపు భుజం గల ఘనాన్ని గీయి. దేనికెంత ఘనపరిమాణం, ఎంత ఉపరితలం?" అని అడిగారు.

భుజం రెట్టింపైతే లోపల పట్టే ద్రవం 8 రెట్లు అవుతుంది. కాని బయటి గోడల వైశాల్యం 4 రెట్లే అవుతుంది. సరిగా మా కుండకు, తొట్టికి ఉన్న నిష్పత్తి అదే: 20 లీటర్లు, 160 లీటర్లు. పులియుటలో వేడి పుడుతుంది. ఆ వేడి ద్రవమంతటా పుడుతుంది గాని బయటికి పోవలసినది గోడల గుండానే. కావున తొట్టిలో ప్రతి చదరపు అడుగు గోడ, కుండ గోడకంటె రెట్టింపు వేడిని బయటికి పంపవలసి వచ్చినది. పైగా చెక్క వేడిని సులభంగా పోనీయదు. మట్టికుండ నుండి కొంచెం చెమ్మ ఊరి ఆరుతుంటే చల్లదనం కలుగుతుంది. తొట్టికి ఆ సౌకర్యమూ లేదు.

లీటరుకు 200 గ్రాముల చక్కెర గల ద్రవం పూర్తిగా పులిసినప్పుడు, పుట్టిన వేడి ఏమాత్రం బయటికి పోకపోతే ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పెరుగగలదు. మే నెలలో మా వసారా వేడి మామూలుగానే 35 డిగ్రీలు. ఈస్టుకు 30 డిగ్రీల ప్రాంతం హితం. 40 దాటితే అది నీరసించి పని మానుతుంది. తొట్టి తన వేడిలో తానే ఉడికినది.

లెక్క కాగితంపై ఉంటే చాలదని ఆచార్యులవారు అన్నారు. మరుసటి వేసవిలో ఒక కుండలోను, చిన్న పీపాలోను బెల్లపు నీరు పులియబెట్టి, ఉదయం, సాయంత్రం థర్మామీటరుతో కొలిచాను. పీపా ప్రతిరోజు కుండకంటె వేడిగానే ఉన్నది. ఆ పట్టీని నాన్నగారికి చూపించాను. ఆయన చాలాసేపు చూచి, "మా తాతగారు ఎంత మందు కావలసినా కుండలనే పెంచేవారు, కుండను పెద్దది చేసేవారు కాదు. భూమిలో పాతేవారు, లేదా ధాన్యపు రాశిలో పెట్టేవారు. ఎందుకని నేను అడుగలేదు, ఆయన చెప్పలేదు" అన్నారు. ఆ తరువాత ఆయన నా చదువును గురించి ఎవరికైనా చెప్పవలసివస్తే, "మా అమ్మాయి సంధానశాస్త్రం చదువుతున్నది" అనేవారు.

పెద్దలు చెప్పినదంతా నిరూపితమైనదని గాని, పుస్తకంలో ఉన్నదే నిజమని గాని నేను అనడం లేదు. ఆచారంలో సమాధానం ఉండి కారణం మరుగునపడినది. పరిస్థితి మారినప్పుడు కారణం తెలియని సమాధానం మనలను కాపాడలేదు. విశ్వవిద్యాలయం నాకు నేర్పినది ఆ కారణాన్ని వెదకడమే.

ఒక ప్రాణం, కొన్ని గ్రాముల మందు

చిన్న పాత్రలో జరిగిన దానిని పెద్ద పాత్రలో జరిపించడమే ఈ విద్యలోని కఠినమైన పరీక్ష. దానిపై ప్రాణాలు ఆధారపడతాయి. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్నాడు. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డులో చీముపట్టి మరణావస్థలో ఉన్న ఒక పోలీసు ఉద్యోగికి దానిని ఇచ్చారు. కొద్ది రోజులలోనే ఆయన తేరుకొన్నాడు. కాని మందు అయిపోయినది. ఆయన మూత్రం నుండి సైతం మందును తిరిగి వేరుచేసి ఎక్కించారు. అదీ చాలలేదు. మార్చిలో ఆయన మరణించాడు. మందు తెలియక కాదు, తగినంత తయారుచేయడం తెలియక పోయిన ప్రాణం అది.

అప్పట్లో ఆ బూజును పళ్లెములలోను, సీసాలలోను ద్రవం పైన పొరగా పెంచేవారు. బూజుకు గాలి కావలెను. లోతైన తొట్టిలో గాలి అందదు. అమెరికాలోని పియోరియా నగరపు ప్రభుత్వ ప్రయోగశాలవారు మొక్కజొన్నలను నానబెట్టిన నీటిని ఆహారంగా వాడి దిగుబడి పెంచారు. అక్కడి అంగడిలో దొరికిన బూజుపట్టిన ఖర్బూజా నుండి మేలైన రకాన్ని 1943లో వేరుచేశారు. ఇంజనీర్లు శుద్ధిచేసిన గాలిని తొట్టి అడుగు నుండి పంపి, తెడ్లతో కలియబెట్టి, పుట్టిన వేడిని చల్లని నీటి గొట్టాలతో తీసివేశారు. 1944లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక పాత ఐసు ఫ్యాక్టరీని మార్చి, ఒక్కొక్కటి 7,500 గాలన్లు పట్టే 14 తొట్లతో ఫైజర్ సంస్థ పెన్సిలిన్ తయారీని ప్రారంభించినది. వాణిజ్య స్థాయి పెన్సిలిన్ కర్మాగారపు రూపకల్పనలో మార్గరెట్ హచిన్సన్ రూసో అను మహిళకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. ఆమె 1937లో ఎం.ఐ.టి.లో కెమికల్ ఇంజనీరింగులో డాక్టరేటు పొందినది. "ఆడపిల్లలకు తగినదేనా?" అని అడిగిన తల్లికి నేను ఈమె పేరే చెప్పాను.

మన తెలుగువారి పేరు కూడ ఇక్కడ స్మరించవలసి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాకు వెళ్లక పూర్వం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రాన్ని బోధించారు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడ మట్టిలోని సూక్ష్మజీవి నుండి బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెల్లడయినది. అదీ తొట్లలో పులియబెట్టి తీసే మందే. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ విడుదల చేసిన హెపటైటిస్-బి టీకాకు కావలసిన మాంసకృత్తును సైతం ఒక జాతి ఈస్టులోనే పెంచారు.

నాలుగు సంవత్సరాలలో ఏమి చదువుతారు?

మొదటి సంవత్సరంలో గణితం, భౌతిక, రసాయనశాస్త్రాలు. తరువాత జమాఖర్చుల లెక్కలు, ద్రవ్యాల ప్రవాహం, ఉష్ణప్రసారం, పదార్థప్రసారం, రియాక్టర్ల రూపకల్పన, ప్రక్రియా నియంత్రణ, భద్రత. జీవప్రక్రియా శాఖలో వీటికి తోడుగా సూక్ష్మజీవశాస్త్రం, ఎంజైములు, జీవరియాక్టర్లు, తయారైన మందును శుద్ధిచేసే విధానాలు ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాలలో ఈఏపీసెట్ ద్వారా, ఐ.ఐ.టి.లలో జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ ద్వారా ప్రవేశం లభిస్తుంది. పై చదువుకు గేట్ పరీక్షలో కెమికల్ ఇంజనీరింగుకు, బయోటెక్నాలజీకి వేర్వేరు పేపర్లు ఉన్నవి.

తల్లిదండ్రులు ఒక మాట గమనించవలెను. పేరులో "బయో" ఉన్నదని గణితం ఉండదనుకోవడం పొరపాటు. లెక్కలంటే విముఖత గల పిల్లలు ఇందులో కష్టపడతారు. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు ఉండవచ్చును. చేరబోయే కళాశాలలో ప్రయోగశాల నిజంగా పనిచేస్తున్నదా, లేక తాళం వేసి ఉన్నదా అన్నది స్వయంగా వెళ్లి చూడండి.

గృహిణులకు కొన్ని హెచ్చరికలు

1. అరిష్టాలను, ఆసవాలను ఇంటివద్ద పులియబెట్టే ప్రయత్నం చేయరాదు. 180 గ్రాముల గ్లూకోజు పులిసినచో 92 గ్రాముల మద్యసారము, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. కిలో చక్కెర నుండి వచ్చే వాయువు సుమారు 270 లీటర్లు. బిగించిన గాజుసీసా పగిలి కంటికి, చేతికి ప్రమాదం కలుగగలదు.

2. లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ గల సీసానే కొనవలెను. మూత తీయగానే బుస్సుమని పొంగినా, ముక్కు పగిలే పులుపు వచ్చినా, బూజు కనిపించినా వాడరాదు. పైనున్న బూజును తీసివేసి మిగిలినది వాడుట కూడ తగదు.

3. వీటిలో సహజంగా పుట్టిన మద్యసారము సాధారణంగా 5 నుండి 10 శాతం వరకు ఉంటుంది. గర్భిణులు, చిన్న పిల్లలు, కాలేయవ్యాధి గలవారు, మెట్రానిడజోల్ వంటి మందులు వాడేవారు వైద్యుని అడుగకుండ సేవింపరాదు. బెల్లము ఉండుటచేత మధుమేహరోగులు కూడ జాగ్రత్త వహించవలెను.

4. పులుపు గల కషాయాలను, పులిసిన పదార్థాలను కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో ఉంచరాదు. ఆమ్లము లోహాన్ని కరగించును.

5. ఇంట కాచిన కషాయాన్ని ఏ పూటకు ఆ పూట వాడుకొనవలెను. కషాయం త్రాగుతున్నామని డాక్టరు ఇచ్చిన మందులను మానరాదు.

నాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన కుండ ఒకటి మా ఇంటి వరండాలో ఉన్నది. ఆనాడు వచ్చిన అమ్మాయి వెళుతూ వెళుతూ ఆ కుండను తట్టి చూచి, "ఇందులో ఎంత పడుతుందండీ?" అని అడిగినది. ఎంత పడుతుందని అడిగే పిల్ల ఈ చదువుకు తగినదని వాళ్లమ్మగారితో చెప్పాను. ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకొనలేదు గాని, ఆ సాయంత్రమే దరఖాస్తు నింపించారని తరువాత తెలిసినది.